తెర అంచు లాగి చూసే దీదీ

దీదీ పోయారన్న కబురు నాకు పోర్ట్ బ్లెయిర్‌లో బాంబూఫ్లాట్ ఫెర్రీ మీద తెలిసింది. పొద్దున ఎనిమిది దాటింది. ఆఫీసులకు వెళ్ళేవాళ్ళతో, స్కూటర్లతో ఫెర్రీ కిక్కిరిసి ఉంది. ఆవిడ చెల్లెలు ఫోన్ చేసి, "అక్క తెల్లారగట్ల పోయిందమ్మా. గుండె ఆగిపోయిందన్నారు. నువ్వు వచ్చీ," అని పెట్టేసింది.

చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఫోన్లో, దీవుల మధ్య బోట్ల వేళలు చెప్పే మా వెబ్ పేజీ తెరిచి ప్రతి గడీ ఉందో లేదో చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి. నిన్నటిదాకా ఆ పేజీని నా తర్వాత ఇంకొకరు చూసేవారు. ఇప్పుడు చూసేదాన్ని నేనొక్కదాన్నే.

ఆవిడ మా చుట్టం కాదు, మా చర్చి మనిషి, నాకు పాఠం చెప్పిన మనిషి. తెలుగావిడే. వాళ్ళ నాన్నగారు శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి బడిపంతులుగా వచ్చి, ఫెరార్‌గంజ్‌లో సెటిలర్ల పిల్లలకు చదువు చెప్పి, ఇక వెనక్కి వెళ్ళలేదు. మా దీవుల్లో వయసులో పెద్దయిన ఆడమనిషిని ఏ భాషవాళ్ళయినా దీదీ అంటారు. మా అమ్మ కూడా ఆవిడను దీదీ అనే పిలిచేది.

ప్రోతరాపూర్‌లో బస్సు ఆగే చోటికి ఎదురుగా, బట్టల కొట్టు మీది గదిలో ఆవిడ కంప్యూటర్ క్లాసు నడిపేవారు. నాలుగు కంప్యూటర్లు, పదకొండు కుర్చీలు. ఇంటర్ అయ్యాక నేను అక్కడ చేరాను. వెబ్ పేజీలు ఎలా తయారు చేయాలో ఆవిడే నేర్పారు. పేజీ పూర్తయిందని చెప్పగానే వెనక వచ్చి నిలబడేవారు. కొబ్బరినూనె వాసన తగిలేది. మౌస్ అందుకుని, తెర మీది పేజీ కుడి అంచును పట్టి ఎడమకు మెల్లగా లాగేవారు. పేజీ ముందు పుస్తకమంత అయ్యేది, తర్వాత అరచేయంత, చివరికి నాలుగు వేళ్ళంత. ఎక్కడో ఒకచోట బొమ్మ వచ్చి అక్షరాల మీద కూర్చునేది, లేకపోతే ఒక గడి తెర దాటి వెళ్ళిపోయేది.

"దేఖో, ఇక్కడ తెగింది," అనేవారు దీదీ. అంతకు మించి ఒక్క మాట అనేవారు కాదు. తిట్టి ఉంటే అంత భయపడేదాన్ని కాదేమో.

ఒకసారి చర్చి విందులో నా పక్కన కూర్చుని, గళ్ళున్న స్టీలు కంచం చూపించి చెప్పారు. "ఈ గడి చూడు. అన్నం ఎక్కువైనా ఇంతే, తక్కువైనా ఇంతే. మనం గీసే గడి ఇలా ఉండకూడదు. చూసేవాడి స్క్రీన్ ఎంతుందో మనకేం తెలుసు? అందుకని కొలత ఇవ్వకు, వాటా ఇవ్వు. వెడల్పుంటే మూడు గళ్ళూ పక్కపక్కన కూర్చుంటాయి. లేదంటే ఒకదాని కింద ఒకటి దిగుతాయి. బస్, ఏదీ బయట పడకూడదు."

పేజీని గళ్ళుగా పంచే గ్రిడ్ అనే పనికి నేను విన్న వివరణల్లో ఇంతకంటే తేలికైనది లేదు. పులుసు చల్లారిపోతున్నా ఆవిడ ఆ కంచం మీదే వేలు తిప్పుతూ కూర్చున్నారు.

ఆవిడకు భయాలు చాలా ఉండేవి. ఫెర్రీ ఎక్కితే రైలింగ్ దగ్గరికి రారు. సరిగ్గా నడిమధ్యన, ఎవరిదో స్కూటర్ హ్యాండిల్ పట్టుకుని నిలబడతారు. ఎండాకాలంలో కూడా గొడుగు లేకుండా గడప దాటరు. బిస్కెట్ల డబ్బా నిండా పాత ఫోన్లు దాచేవారు. అద్దం పగిలినవి, అరిగిపోయినవి, ఇరుగుపొరుగు పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్నవి. పేజీలో ఏ మార్పు చేసినా వాటన్నిటిలో తెరిచి చూడాల్సిందే. అదీ చాలదు. చేపలమ్మే ఆవిడ వీధిలోకి రాగానే మెట్ల మీదికి పిలిచి, "నీ ఫోన్లో ఏం కనబడుతోందో పైకి చదువమ్మా," అనేవారు. ఆవిడ గంప దించి, అక్షరాలు పెద్దవి చేసుకుని కూడబలుక్కుంటూ చదివితే, అప్పుడు దీదీ తల ఊపేవారు.

బోట్ల పేజీ ఆవిడ సొంతంగా మొదలుపెట్టినది. అప్పట్లో రేపు బోటు నడుస్తుందో లేదో తెలియాలంటే జెట్టీకి వెళ్ళి అడగాలి. గాలి వాన వస్తే ఎప్పుడు ఆపేస్తారో తెలియదు. దీదీ రోజూ రెండు పూటలా జెట్టీలో తెలిసినవాళ్ళకు ఫోన్ చేసి, ఏ దీవికి ఏ వేళకు బోటు, అది నడుస్తుందా లేదా అన్నది ఒక పేజీలో పెట్టేవారు. అప్పటికి ఇక్కడ ఇంటర్నెట్ నత్తనడక. అందుకని బొమ్మ ఒక్కటి కూడా ఉండేది కాదు. చూడ్డానికి దినసరి హాజరు పట్టీలా ఉండేది. అయినా వందలమంది చూసేవారు. చదువయ్యాక నేను ఆవిడకు సాయంగా ఉన్నాను.

కళ్ళ ఆపరేషనుకని దీదీ వైజాగ్ వెళ్ళినప్పుడు పేజీ నా చేతిలో పెట్టి వెళ్ళారు. నాకు అది పాతగా అనిపించేది. కూర్చుని కొత్తగా గీశాను. నాలుగు నిలువు వరసలు, ఊరు, బోటు, వేళ, నాలుగోది నడుస్తుందా లేదా. ఒక్కో వరసకు గట్టిగా ఒక కొలత ఇచ్చేశాను, నీలం రంగు గీతలు పెట్టాను. క్లాసు కంప్యూటర్లో చూసుకుంటే ముచ్చటగా ఉంది. అంచు పట్టుకుని లాగి చూడలేదు. మర్చిపోయానని చాలాకాలం చెప్పుకున్నాను. అది అబద్ధం. ఎక్కడ తెగుతుందోనన్న భయంతోనే లాగలేదు.

దీదీ వైజాగ్ నుంచి వచ్చి ఓడ దిగిన రోజుకు ముందటి సాయంత్రం సముద్రంలో వాయుగుండం ఉందని అన్ని బోట్లూ ఆపేశారు. నేను నాలుగో వరసలో ప్రతి గడిలోనూ 'బంద్' అని రాసి పెట్టాను.

మా మేనత్త ఉండేది ఒక చిన్న దీవిలో, బోటు మీద గంటన్నర దూరం. వాళ్ళ అమ్మాయికి ఎనిమిదో నెల. పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో చూపించాలి. మర్నాడు పొద్దున అత్త తన చిన్న ఫోన్లో నా పేజీ తెరిచింది. ఊరు కనబడింది, బోటు కనబడింది, ఏడింటికి అన్న వేళ కనబడింది. నాలుగో వరస తెర కుడి అంచు దాటి అవతలికి పోయింది. అవతల ఇంకో వరస ఉందని ఆమెకెలా తెలుస్తుంది? ఇద్దరూ తమ దీవి జెట్టీకి నడిచి వెళ్ళారు. బోటు లేదు. అమ్మాయికి నడుం నొప్పి మొదలైంది. చేపలకు వెళ్ళే ఒకతను, తెలిసినవాడే, తన డింగీలో దిగబెడతానన్నాడు. ఆ చిన్న ఇంజను పడవలో ముగ్గురూ బయల్దేరారు.

అత్త కొడుకు, మా బావ, ఫోన్ చేస్తే మాకు తెలిసింది. నేనూ నాన్నా పోర్ట్ బ్లెయిర్ జెట్టీకి పరిగెత్తాం. ఆ ఉదయమే ఓడ దిగిన దీదీ, కంటికి నల్లద్దాలతో, సంచీ ఇంకా చేతిలో ఉండగానే కబురు విని అక్కడికి వచ్చారు. సముద్రం బూడిద రంగులో ఉంది. అల వచ్చి సిమెంటు గోడకు కొట్టినప్పుడల్లా కాళ్ళ కింద నేల అదిరేది. డింగీ రావలసిన వేళ దాటి గంటయింది. రెండు గంటలైంది. నాన్న గోడ వెంబడి అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"పేజీ చూసే బయల్దేరారట," అన్నాను దీదీతో. "నేను బంద్ అని పెట్టాను దీదీ. నిజంగా పెట్టాను."

ఆవిడ తన ఫోన్ తీసి పేజీ తెరిచారు. కంటికి దగ్గరగా పెట్టుకుని చూశారు. తర్వాత బొటనవేలితో తెరను పక్కకు జరిపారు. అప్పుడు కనబడింది, వరసగా బంద్, బంద్, బంద్.

"ఉంది," అన్నారు. "నీకుంది. వాళ్ళకి లేదు."

అక్కడే టికెట్లిచ్చే రేకుల గది అరుగు మీద కూలబడ్డాను. దీదీ నా పక్కన కూర్చున్నారు.

"ల్యాప్‌టాప్ తెచ్చావా?"

"ఇప్పుడా దీదీ?"

"ఇప్పుడే. ఇదే పేజీని ఇంకా ఎంతమంది చూస్తున్నారో. మధ్యాహ్నం బోటు ఉందనుకుని ఎవరెవరు బయల్దేరతారో. చల్, తియ్యి."

ఏడుస్తూనే తీశాను. నా వేళ్ళు ఒక మీట బదులు ఇంకో మీట మీద పడుతున్నాయి. దీదీకి ఆ కళ్ళతో తెర సరిగా కనబడదు. ఆవిడ చెబుతుంటే నేను రాశాను. కొలతలన్నీ తీసేయించారు. వెడల్పును వాటాలుగా పంచమన్నారు. తెర చిన్నదైతే ఒక్కో బోటూ ఒక్కో పెట్టెగా ఒకదాని కింద ఒకటి దిగాలి, పెట్టెలో అన్నిటికంటే పైన నడుస్తుందా లేదా అన్న మాటే రావాలి అన్నారు. "ఊరు తర్వాత చెప్పొచ్చు, వేళ తర్వాత చెప్పొచ్చు. ముందు ఆగమని చెప్పాలి."

రాయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పేజీ ఇంటర్నెట్‌లోకి ఎక్కడానికి అంతకంటే ఎక్కువ పట్టింది. సిగ్నల్ ఒక గీత వచ్చి పోతోంది. దీదీ ఫోన్ పట్టుకుని, రైలింగ్ దాకా ఎప్పుడూ రాని మనిషి, కొత్త పేజీ ఎక్కిందో లేదో చూడ్డానికి, సిగ్నల్ కోసం జెట్టీ చివరికంటా నడిచి వెళ్ళారు. అల చిందిన నీళ్ళకు ఆవిడ చీర మోకాళ్ళదాకా తడిసింది. అక్కణ్ణుంచి చెయ్యెత్తి, ఎక్కిందని సైగ చేశారు.

డింగీ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. దారిలో ఇంజను ఆగిపోయి కొట్టుకుపోతుంటే ఒక పెద్ద పడవవాళ్ళు తాడు వేసి లాక్కొచ్చారు. అత్త తన కూతుర్ని రెండు చేతులతో కావలించుకుని పడవ అడుగున కూర్చుని ఉంది. జెట్టీకి ఆనేటప్పుడు అల ఎత్తి కొట్టింది. డింగీ అతని కుడిచెయ్యి పడవకూ గోడకూ మధ్య నలిగింది. ఆ చప్పుడు నాకిప్పటికీ వినబడుతుంది.

అమ్మాయికి ఏమీ కాలేదు. నెల తర్వాత ఆడపిల్ల పుట్టింది. అత్త నన్ను తిట్టలేదు. "నీ పేజీ సూసే వచ్చినామే," అంది, అంతే. ఆ తర్వాత ఆమె ఎప్పుడు బయల్దేరాలన్నా జెట్టీకి మనిషిని పంపి కనుక్కుంటుంది. ఇప్పటికీ అంతే.

డింగీ అతని చెయ్యి అతుక్కుంది కానీ పిడికిలి పూర్తిగా మూసుకోదు. దీదీ నన్ను వెంటబెట్టుకుని అతనింటికి వెళ్ళారు. నేను జరిగింది చెప్పి క్షమించమన్నాను. అతను నవ్వాడు. "అరే దీదీ, నాకు ఫోనే లేదు కదా. నేను ఆకాశం చూసి బయల్దేరాను. ఆ అమ్మాయి పరిస్థితి చూసి బయల్దేరాను. ఇందులో ఈ పిల్ల తప్పేటుంది?"

తిరిగి వస్తూ బస్సులో దీదీ అన్నారు. "అతని మంచితనం కొద్దీ అలా అన్నాడు. దాన్ని నువ్వు వాడుకోకు."

కొన్నాళ్ళు నేను ఆ పేజీ ముట్టుకోనన్నాను. ఆవిడ బతిమాలలేదు. ఒకరోజు పిలిచి, "నాకూ భయమే. పెట్టిన ప్రతిసారీ భయమే. ఏ అవ్వ ఏ ఫోన్లో చూస్తోందో అని. భయపడని మనిషికి ఈ పని ఇవ్వలేను. నువ్వు చెయ్యి," అన్నారు. ఆ మాటతో మళ్ళీ కూర్చున్నాను. అప్పటినుంచి ఆవిడ పోయేదాకా, నేను పెట్టిన ప్రతి మార్పునూ ఆవిడ చూశారు. చూసి "ఠీక్ హై" అని ఒక్క మాట పంపేవారు. ఆ మాట వచ్చాకే నేను అన్నం తినేదాన్ని.

ఆవిడను సమాధి చేసిన రోజు సాయంత్రం వాన పట్టేలా ఉంది. పాస్టరుగారు తెలుగులో ప్రార్థన చేస్తుండగా గాలికి గొడుగులు తిరగబడుతున్నాయి. మట్టి వేసి నేను పక్కకు వచ్చేసరికి ఫోన్ మోగింది. జెట్టీ నుంచి. తూర్పున గాలి లేచిందట, రేపు బోట్లన్నీ బంద్. అక్కడే గోడ పక్కన కూర్చుని పేజీ మార్చాను. అంచు లాగి చూశాను. ఇంకోసారి లాగాను. "ఠీక్ హై" అనేవాళ్ళు లేరు. ఆవిడ చెల్లెలు దూరం నుంచి నన్నే చూస్తోంది, ఏమనుకుందో తెలియదు.

తెల్లారగానే బస్సులో పోర్ట్ బ్లెయిర్ వెళ్ళాను. జెట్టీ మలుపు తిరిగేదాకా, అక్కడ ఎవరో ఒకరు సంచులు పట్టుకుని, చంటిపిల్లను ఎత్తుకుని నిలబడి ఉంటారనే అనుకున్నాను. వాన సన్నగా పడుతోంది. బోట్లు ఒకదానికొకటి కట్టేసి ఉన్నాయి, తాళ్ళు బిగుసుకుంటూ వదులవుతూ కిర్రుమంటున్నాయి. రేకుల కింద బల్లలు వరసగా తడుస్తున్నాయి. జెట్టీ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క మనిషి కూడా లేరు.