ఎగువ ఊరి పదిహేడు మాటలు

ఆరేళ్లుగా మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

జర్మనీలో, డార్మ్‌స్టాట్‌లో మాస్టర్స్ చేస్తూ, భాషల పరిశోధన చేసేచోట పార్ట్‌టైమ్ పనికి కుదిరాను. అమెజాన్ అడవిలో ఒకే నది మీద రెండు ఊళ్లు, ఎగువొకటి, దిగువొకటి. వాళ్లవి రెండు భాషలా, ఒకే భాషా? రికార్డింగులు విని, వంద మాటలు ఏ ఊరివాళ్లు ఎలా అంటారో పట్టికలో ఎక్కించడం నా పని. పోల్చి తేల్చేది కంప్యూటర్.

ఎగువ ఊరి మాటలు చెప్పింది ఒక ముసలాయన. మధ్యలో వాన. రేకుల మీద ఆ చప్పుడుకి పదిహేడు మాటలు వినపడలేదు. ఆ గళ్లు ఖాళీగా వదిలేసి పైవాళ్లకి చెప్పాలి, అదీ రూలు. కానీ అన్ని ఖాళీలు చూస్తే కాంట్రాక్ట్ పొడిగించరేమోనని భయం. వారంలో వీసా ఆఫీసులో అపాయింట్‌మెంట్, పొడిగించిన కాంట్రాక్ట్ కాగితం చూపించాలి. దిగువ ఊరివాళ్ల మాటలే తెచ్చి పెట్టేశాను. ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను.

రెండూ ఒకే భాష అని తేలింది. ఎగువవాళ్ల భాష పేరు ప్రపంచ భాషల జాబితాలోంచి పోయి, దిగువవాళ్ల భాషకి యాసగా మిగిలింది. మా కరీంనగర్ మాటని ఎవరైనా యాస అంటే కొట్లాటకి దిగే మనిషిని నేను!

మరుసటి ఏడు ఆ ముసలాయన కూతురు మా ఆఫీసుకి వచ్చింది. ఎగువ ఊళ్లోనే టీచరు. తమ భాషలో పిల్లలకి వాచకం కావాలంటే, దిగువవాళ్ల పుస్తకం ఉందిగా, అదే చాలు అంటున్నారట అక్కడి ప్రభుత్వంవాళ్లు. నా పట్టిక మీద వేలు పెట్టి ఇంగ్లీషులో మెల్లగా అడిగింది.

"బూడిదని మేమిలా అనం. మా నాన్న ఇలా అన్నారా?"

"రికార్డింగులో ఉందండీ," అన్నాను.

వినిపించమంటే ఏం చేయాలి? ఆమె అడగలేదు.

"అయితే నాన్నే మర్చిపోయుంటారు. చివర్లో నన్నూ గుర్తుపట్టలేదు లెండి," అని కళ్లు తుడుచుకుంది.

మంచినీళ్లు తెచ్చిచ్చాను. అంతకంటే ఏం చేయలేదు.

ఇప్పుడు స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం, వీసా గొడవ లేదు. అయినా ఎస్-బాన్ రైల్లో కూర్చుని ఆ జాబితా తెరిచి చూస్తూనే ఉంటాను. ఎవరైనా సరిచేశారేమోనని ఆశా, నన్ను పట్టుకున్నారేమోనని భయమా? భయమే ఎక్కువ. ఆమెకి మెయిల్ మొదలుపెడతాను, "క్షమించండి" దగ్గర ఆగిపోతాను.

మీకైతే చెప్పేస్తున్నాను. ఆయన ఏదీ మర్చిపోలేదు. ఆ పదిహేడు మాటలూ ఆయన చెప్పాడు. వానలో నాకు వినపడలేదు, అంతే.

రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఆమె మాత్రం ఇంకా నాన్నే మర్చిపోయాడనుకుంటోంది.