గడప లోపలి మాట

ఆ పేటలో తిరిగే బస్సుకు ఆయన కండక్టరు. పేటలో గుమ్మానికో భాష. ఎక్కడెక్కడి వాళ్లో పొట్ట చేత పట్టుకుని వచ్చి చేరిన చోటు అది. ముసలమ్మ బస్సెక్కలేక తడబడితే ఆమె భాషలోనే "చెయ్యివ్వు తల్లీ" అనేవాడు. ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్లను ఎవరి భాషలో వాళ్లను తిట్టేవాడు. సొంత భాషలో తిట్టు పడితే ఎంత మొండివాడైనా లోపలికి జరుగుతాడని ఆయన సిద్ధాంతం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, పేటంతా ఆయనకు చుట్టాలే.

ఇంటికొస్తే మాత్రం వేరే మనిషి. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. దాని గడప లోపల సొంత భాష తప్ప మరో మాట వినబడకూడదు. కూతురు ఇంకా బడికి కొత్తగా వెళ్తున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం నిద్రలో ఏదో కలవరించింది. పేటలో అందరూ కలిసి ఆడుకునే వీధి భాషలో కలవరించింది. తండ్రి పక్కనే కూర్చుని విన్నాడు. నా పిల్ల కలలో నేను లేనన్నమాట అనుకున్నాడు. సాయంత్రానికల్లా శాసనం చేశాడు.

"గడప లోపల మన మాటే. రాకపోతే నోరు మూసుకుని ఊరుకో. వేరే మాట ఆడాలనిపిస్తే మెట్ల మీదికెళ్లి ఆడుకుని రా."

"ఇల్లా ఇది, బస్సా? ఆ ఈల కూడా మెళ్లో వేసుకోండి" అని భార్య నవ్వింది.

ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆ శాసనం సాఫీగానే సాగింది. ఆవిడ వట్టి వాగుడుకాయ. పిల్ల తల దువ్వుతూ తన చిన్ననాటి అల్లరంతా చెప్పేది. పిల్ల మాట కోసం తడుముకుంటే అందించేది. ఆ పిల్లకు పదేళ్లు నిండకుండానే ఆవిడ జబ్బు చేసి పోయింది, ఆవిడతోపాటే ఇంట్లో కబుర్లూ పోయాయి. మిగిలినవి తండ్రి మాటలు. తిన్నావా, తలుపెయ్యి, లైటార్పు, బాగున్నావా. పొద్దంతా జనంతో గొంతు చించుకుని వచ్చిన మనిషి ఇంట్లో ఆ నాలుగు ముక్కలకు మించి పెదవి కదపలేకపోయేవాడు. శాసనం మాత్రం సడలించలేదు సరికదా, ఇంకా బిగించాడు. భార్య ఎక్కడైనా మిగిలి ఉంటే ఆ భాషలోనే ఉందని ఆయన నమ్మకం.

పిల్ల మాత్రం ఏం చేస్తుంది? తన ఏడుపులూ నవ్వులూ మెట్ల మీద కూర్చుని, పై అంతస్తు టైలరమ్మకు వీధి భాషలో చెప్పుకునేది. తర్వాత మొహం తుడుచుకుని, చెప్పులు విప్పి లోపలికి వచ్చేది.

"బాగున్నావా?" అనేవాడు తండ్రి.

"బాగున్నా నాన్నా."

మా పిల్ల మా భాష మరిచిపోలేదని ఆయన బస్సులో కనబడిన వాళ్లందరికీ, ఎవరి భాషలో వాళ్లకు, గొప్పగా చెప్పుకునేవాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చ గెలిచి, ఇల్లు కూడా గెలిచేశాననుకున్నాడు, పాపం.

కూతురికి పెళ్లయింది. పేటకు ఆ చివర కాపురం పెట్టింది. మొన్న వానల్లో ఒకనాడు చిన్న సంచితో పుట్టింటికి వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నా నాన్నా."

"అల్లుడేమైనా అన్నాడా?"

"లేదు నాన్నా."

రోజూ ఇదే వరస. వండేది, వడ్డించేది, కిటికీ దగ్గర కూర్చునేది. ఏదో చెప్పబోయి, మాట కోసం వెతుక్కుని, దొరక్క ఊరుకునేది. ఆయన ప్రాణం కొట్టుకుపోయేది. ఎలా అడగాలో ఆయనకూ తెలియలేదు. ఇన్నేళ్లుగా సొంత భాషలో ఆయన మాత్రం ఎవరితో మనసు విప్పాడు గనక?

సెలవు రోజు సాయంత్రం, ఆరేసిన బట్టలు తెస్తానని వెళ్లిన కూతురు ఎంతకీ రాలేదు. ఆయన తలుపు ఓరగా తీసి చూశాడు. మెట్ల మీద, టైలరమ్మ పక్కన కూర్చుని ఉంది. వీధి భాషలో మాటలు ధారగా వస్తున్నాయి. కడుపు నిలవలేదట. ఇది రెండోసారట. ఆడపిల్లో మగపిల్లాడో అడగబోతే నర్సు మొహం తిప్పుకుందట. భర్త మంచివాడేనట, తను ఏడిస్తే అతనూ ఏడుస్తున్నాడని పుట్టింటికి వచ్చేసిందట. ఇక్కడ ఎవరితో ఏడవాలో తెలియడం లేదట. అమ్మ ఉంటే బాగుండేదట.

ప్రతి మాటా ఆయనకు అర్థమైంది. ఆ భాషలో ఆయన రోజూ ఎంతమందినో ఊరడిస్తాడు. కూతురు మాట్లాడుతూ మధ్యలో అలా ఆగి ఊపిరి తీసుకుంటుందని, అచ్చం వాళ్లమ్మలాగే చేతులు తిప్పుతుందని ఆయనకు ఇప్పుడే తెలిసింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది. ఆ మందు వేసింది తనే. తలుపు పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చాడు.

కాసేపటికి తలుపు పూర్తిగా తీసి, గడప లోపలే నిలబడి, వీధి భాషలో అన్నాడు.

"అంతా విన్నానమ్మా. లోపలికి రా. నీకు ఏ మాటలో వస్తే ఆ మాటలోనే నాకూ చెప్పు తల్లీ."

ఆ ఇంట్లో ఆయన నోట ఆ భాష రావడం అదే మొదలు. టైలరమ్మ తల వంచుకుని పైకి వెళ్లిపోయింది. కూతురు బట్టలు గుండెకు హత్తుకుని లేచింది. చెప్పులు విప్పి గడప దాటింది. తండ్రి మొహంలోకి చూసింది. పెదవులు కదిలాయి. ఆయన ఎదురుచూశాడు.

"ఏం లేదు నాన్నా" అంది, ఆయన నేర్పిన భాషలోనే. "తలుపెయ్యనా?"