నా పేరు మీద పెట్టిన కాపలా

మా సిస్టమ్స్ సార్ పోయారని మంగళవారం పొద్దున్నే ఫోనొచ్చింది. చేసింది పాత ఆఫీసు స్నేహితురాలు. నేను నమ్మలేదు. ఇంకో ఇద్దరికి ఫోన్ చేసి, ముగ్గురిదీ ఒకే మాట అయ్యాకే మౌలాలిలో వాళ్ళింటికి బయలుదేరాను. ఎవరేం చెప్పినా ఇంకోచోట సరిచూసుకోవడం ఆయన దగ్గర అబ్బిన అలవాటే. ఉంటే మెచ్చుకునేవారు.

మేం పనిచేసింది నాచారంలో ఒక మందుల కంపెనీలో. అద్దాల గదిలో ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ నడిపించే యూనిక్స్ సర్వరు, దాని పక్కన దాన్ని చూసుకునే ఆయన కుర్చీ. ఆయన అనుమానించని వస్తువు ఆ ఆఫీసులో లేదు. గోడ గడియారాన్ని నమ్మరు, క్యాంటీన్ పాలను నమ్మరు. గదికి తాళం వేసి పదడుగులు నడిచి, వెనక్కొచ్చి ఆ తాళాన్ని ఇంకోసారి లాగి చూసేవారు. "మంచిగ నడుస్తున్నదంటె ఎక్కడ్నో ఏదో దాస్తున్నట్టు బిడ్డా" అనేవారు. సర్వరు గురించి అంటున్నారో, నా గురించో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

నేను కోస్తా నుంచి వచ్చినదాన్ని. చిల్కానగర్‌లో అద్దె గది. రాష్ట్రం వస్తుందా రాదా అని ఊరంతా ఉడుకుతున్న రోజులవి. భోజనాల బల్ల దగ్గరికి నేను వెళితే మాటలు ఆగిపోయేవి. మూడు నెలలు చూసి, నచ్చితేనే ఉంచుకుంటామన్నారు. అంతకుముందు పనిచేసిన కంపెనీ మూతపడి అప్పటికే ఒకసారి రోడ్డున పడ్డాను. ఈ ఉద్యోగం నాకు కావాలి, అంతే.

రోజూ మధ్యాహ్నం డేటాబేసులోంచి ఆ రోజు పంపే సరుకు జాబితాలు తీయడం నా పని. ఆ కాగితాలు చేతికొస్తేనే లారీలు గేటు దాటుతాయి. పది నిమిషాల్లో అయ్యేదట. నేను చేరిన దగ్గర్నుంచీ గంటన్నర పడుతోంది. గేటు దగ్గర డ్రైవర్లు హారన్లు మోగించేవారు. మేనేజరు తన గది అద్దంలోంచి నన్నే చూసేవారు.

సార్ అన్నీ వెతికారు. కేబుళ్ళు మార్చారు, డిస్కులు అమ్మినవాణ్ణి పిలిపించి గంటసేపు నిలదీశారు. చివరికి అదే పనిని తన లాగిన్‌తో నడిపారు. పది నిమిషాల్లో అయిపోయింది. నా లాగిన్‌తో నడిపారు. గంటన్నర.

"నీ చేతిల పడితెనే గిట్లయితదేంది బిడ్డా?"

"నాకేం తెలుసు సార్? మీరు నేర్పినట్టే కొడుతున్నాను."

"తెల్వదన్నవ్ గదా. అదే రాసుకుంట."

జేబులోంచి చిన్న డైరీ తీసి నిజంగానే రాసుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నన్ను సాగనంపడానికి లెక్క సిద్ధం చేస్తున్నారనుకున్నాను. నా లాగిన్‌ని ఆయనే ఏదో చేసి ఉంటారనీ అనుకున్నాను. ఒకరోజు ఆయన టీకి వెళ్ళినప్పుడు డైరీ కోసం సొరుగు లాగాను. తాళం వేసి ఉంది. సిగ్గుపడాల్సిన పనే, కానీ చేశాను.

మూడో నెల చివర్లో మేనేజరు నన్ను పిలిచి, సోమవారం మాట్లాడదామన్నారు. ఎందుకో అడగక్కర్లేదు. ఆ శనివారమే డిస్కు నిండిపోతోందని సర్వరు గోల మొదలుపెట్టింది. సార్ నన్నే కీబోర్డు ముందు కూర్చోబెట్టారు, నేనేం కొడతానో వెనక నుంచి చూడొచ్చని.

"అన్నిట్ల పెద్ద ఫైలేదో తియ్యి. దొరికిందా? ఎవరి పేరు మీదున్నది, సదువు."

ఫైలు పక్కనున్న పేరు రెండుసార్లు చూసుకున్నాను.

"సదువుమంటున్న గదా."

"మీ పేరే సార్."

ఆయన కళ్ళజోడు సర్దుకుని స్క్రీన్ మీదికి వంగారు. నా లాగిన్ వేసిన ప్రతి అడుగూ ఆ ఫైల్లో ఉంది. కొత్తగా చేరినవాళ్ళందరి మీదా వారంపాటు ఒక కాపలా ప్రోగ్రాం పెట్టడం ఆయన పద్ధతట. నేను చేయించే ప్రతి చిన్న పనినీ అది ఆపి, రాసుకుని, అప్పుడు వదులుతుంది. గంటన్నర పట్టింది అందుకే. దానంతటదే ఆగేలా పెట్టొచ్చు, కానీ అలాంటివి ఆయన నమ్మరు, ఎనిమిదో రోజున తన చేత్తోనే తీసేస్తారు. నా ఎనిమిదో రోజున బంద్. మౌలాలి నుంచి బస్సు కదల్లేదు, ఆయన రాలేదు, తర్వాత మరిచిపోయారు. నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా రోజూ చదివేవారు గానీ, తన పేరున్న వరసలు దాటేసి చదివేవారు.

"అందర్ని అనుమానపడ్డ," అన్నారు. "నన్ను నేనే సూసుకోలే."

గదిలో మేమిద్దరమే. ప్రోగ్రాం ఆపి ఫైలు చెరిపేస్తే ఎవరికీ తెలియదు. అలాగే చేస్తారనుకుని, చేస్తుంటే పట్టుకుందామని కాచుకుని ఉన్నాను. ఆయన కీబోర్డు ముట్టలేదు. మేనేజర్ని పిలుచుకొచ్చి ఫైలు చూపించారు.

"ఈ పిల్లది ఏం తప్పు లేదు సార్. నిఘా పెట్టింది నేను, తియ్యనిది నేను. రాసేదుంటె నా పేరు మీద రాయుండ్రి."

మేనేజరు రాశారు. సోమవారం ఆయనకు మెమో వచ్చింది, నాకు ఉద్యోగం ఖాయమైన ఉత్తరం వచ్చింది. నా మూలంగా ఆయన తలొంచుకున్నారని బాధపడ్డాను. కృతజ్ఞత మాత్రం నోటితో చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను, వినేవారు లేరు.

మర్నాడు ఆఫీసుకు రాగానే నేను చేసిన మొదటి పని, నా పేరు మీద మళ్ళీ కాపలా ఏదైనా నడుస్తోందా అని వెతకడం. ఆయన ఎప్పుడొచ్చి వెనక నిలబడ్డారో తెలియదు.

"ఉన్నదా?"

"లేదు సార్."

"మంచిగ సూసినవా? రేపు గూడ సూడు."

ఆ గొంతులో కోపం లేదు. ఆ తర్వాత నాలుగేళ్ళు ఆయన దగ్గర పనిచేశాను. రోజూ చూశాను. నేను చూడడం అయ్యేదాకా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, కీబోర్డుకు దూరంగా, గుమ్మం దగ్గరే నిలబడేవారు. లేదని నేను తలూపాకే లోపలికి వచ్చి కూర్చునేవారు.