తాళం వేసిన నీళ్ల డబ్బా

దయ్యాల కథలంటే నాకు ఎప్పుడూ చిరాకే. అపవిత్రాత్మలు ఉన్నాయని లేఖనం చెబుతుంది, అది నమ్ముతాను. చనిపోయినవాళ్లు మాత్రం తిరిగిరారు. వాళ్లు ప్రభువు దగ్గర ఉంటారు, లేదా ఆయనకు దూరంగా ఉంటారు. అంతే తప్ప రోడ్ల మీద తిరగరు. ఇరవై ఏళ్లుగా ఆదివారం బడిలో పిల్లలకు నేను చెప్పింది ఇదే. ఈ మధ్య ఆ పాఠం వచ్చినప్పుడు వేరే వాళ్లను చెప్పమంటున్నాను.

మాది రాప్తాడు దగ్గర పల్లె. బోరు మోటార్లు బాగుచేయడం నా వృత్తి. మా నాయన దగ్గర ఒక డీజిల్ పికప్ బండి ఉండేది. టమోటాలు, చెనక్కాయలు మార్కెట్లకు తోలేవాడు. ఆయన సంఘ పెద్ద కూడా. నీళ్లు తాగిన ప్రతిసారీ చివర రెండుసార్లు పొడిగా దగ్గి, "స్తోత్రం" అనేవాడు. మందిరంలో వెనక వరసలో ఆ దగ్గు వినబడితే చాలు, నాయన వచ్చినాడని అందరికీ తెలిసేది.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. ఏటా కోత పండుగ ఆదివారం సాక్ష్యం చెప్పడానికి లేచి నిలబడేవాడు. రెండు మాటలు చెప్పేలోపే గొంతు పూడుకుపోయి కూర్చునేవాడు. అది భక్తి అని మేమంతా అనుకునేవాళ్లం.

నాయన పోయి ఆరేళ్లయింది. బండి అంతకు ముందు నుంచే ఇంటి వెనక రేకుల షెడ్డులో పడి ఉంది. దూరపు పల్లెల నుంచి మందిరానికి నడిచి రాలేని ముసలివాళ్లు మా సంఘంలో పదిమందికి పైగా ఉన్నారు. కోత పండుగ నాటికి ఈ బండిని సిద్ధం చేసి వాళ్లను తీసుకొస్తానని సంఘం ముందు లేచి మాట ఇచ్చాను. నాయన పేరు మీద ఆ పని చేయాలన్నది నా ఆశ.

మోటార్లు తెలిసిన చేతులకు ఇంజను కొత్త కాదు. ఎండాకాలమంతా పని చేశాను. ఛాసిస్ తుప్పు గీకి రంగు వేశాను. తొట్టి పలకలు మార్చాను. డీజిల్ పంపును అనంతపురం పంపించాను. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, ముసలివాళ్లు కుదుపులకు ఇబ్బంది పడకుండా మెత్తటి సీట్లు, తిప్పడానికి సులువుగా పవర్ స్టీరింగు కూడా పెట్టాలని అనుకున్నాను.

క్యాబిన్ వెనక ఇరవై లీటర్ల ఇనుప డబ్బా ఒకటి పట్టీలతో బిగించి ఉంది. దాని మూతకు గొళ్లెం, గొళ్లేనికి చిన్న తాళం. డీజిల్ దొంగల భయంతో వేసి ఉంటాడనుకున్నాను. తట్టి చూస్తే ఖాళీ మోత. తాళంచెవి మాకు దొరకలేదు. పాతకాలపు గుర్తుగా ఉండనీ అని దానికీ రంగు వేశాను.

నాయన దగ్గర క్లీనరుగా పనిచేసిన ఓబులేసన్న ఇప్పుడు హైవే పక్కన పంక్చర్ల అంగడి పెట్టుకున్నాడు. పలకలు బిగించడానికి సాయం వచ్చి, ఆ డబ్బా చూసి ఆగిపోయాడు.

"దీన్ని పీకి పారెయ్యప్పా. రంగెందుకు ఏసినావు దీనికి?"

"ఏమన్నా, బాగుండాది కదా?"

ఆయన పని సగంలో వదిలి, అంగట్లో ఎవరూ లేరని చెప్పి వెళ్లిపోయాడు.

రేడియేటరుతో అసలు సంగతి మొదలైంది. దాన్ని విప్పి, సోల్డరు పెట్టించి, నీళ్ల తొట్టిలో ముంచి గాలి కొట్టి చూశాం. ఒక్క బుడగ కూడా రాలేదు. తెచ్చి బిగించి, పొద్దున్నే నిండా నీళ్లు పోశాను. అప్పటికి డీజిల్ పంపు ఇంకా తిరిగి రాలేదు. అంటే ఇంజను తిరిగే ప్రశ్నే లేదు.

మధ్యాహ్నం అన్నం తిని వచ్చి మూత తీస్తే లోపల చుక్క లేదు.

కింద మట్టి పొడిగా ఉంది. పైపులు పొడిగా ఉన్నాయి. నీళ్లు ఇంజనులోకి దిగితే ఆయిల్ పాలలా తెల్లబడుతుంది; గేజీ తీసి చూస్తే ఆయిల్ శుభ్రంగా ఉంది. మళ్లీ నింపాను. మరుసటి రోజు మధ్యాహ్నానికి మళ్లీ ఖాళీ. మూడో రోజు కింద అట్ట పరిచాను, మూత మీద టేపు చుట్టి దాని మీద సంతకం పెట్టాను. అట్ట తడవలేదు. టేపు చెదరలేదు. రేడియేటరు ఖాళీ. పన్నెండు దాటాకే అలా అవుతోందని కూడా గమనించాను. పన్నెండు వరకు నీళ్లు అంచు దాకా కనబడేవి.

ఎక్కడో నాకు తెలియని లోపం ఉందని సర్దిచెప్పుకున్నాను. పంపు వచ్చింది. ఇంజను మొదటి దెబ్బకే అందుకుంది. ఎలాగూ కొత్త బండిలా చేస్తున్నాం కదా అని నీళ్లు మానేసి ఇంజనును చల్లబరిచే పచ్చ రంగు కూలంటు పోశాను. అది తియ్యగా ఉంటుంది, విషం. అది వచ్చే క్యాను మీద పుర్రె బొమ్మ కూడా ఉంటుంది.

ఆ మధ్యాహ్నం షెడ్డులోకి వెళ్లిన నేను బండి దాకా పోలేకపోయాను. బంపరుకు మూడు అడుగుల ముందు, నేల మీద పచ్చటి చిమ్ముడు. నోటినిండా పోసుకుని, ఒక్కసారిగా ఉమ్మేసినట్టు. రేడియేటరులో సరిగ్గా ఒక పుక్కిలి తగ్గింది. మూత బిగించే ఉంది. మెత్తటి దుమ్ములో నా చెప్పుల గుర్తులు తప్ప ఇంకేవీ లేవు.

అయినా నేను వాక్యం తెలిసినవాణ్ణి. నా భార్య సుగుణను పిలిచాను. ఇద్దరం మోకరించి ప్రార్థన చేశాం. బానెట్ మీద నూనె రాసి, చెయ్యి పెట్టి, ప్రభువు పేరున గట్టిగా గద్దించాను. నేను అన్న మాటలు నాకు బాగా గుర్తున్నాయి. "ఈ బండిని వదిలిపెట్టు. నీళ్లులేని చోటికి పో" అన్నాను.

మరుసటి రోజు పన్నెండు దాటింది. కూలంటు అలాగే ఉంది. నేల పొడిగా ఉంది. షెడ్డులో నిలబడి స్తోత్రాలు చెబుతుంటే ఇంట్లో నుంచి సుగుణ అరుపు వినబడింది.

వంటింట్లో ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చేతిలో చేట, కాళ్ల దగ్గర బియ్యం. పొద్దున తను నింపిన తాగునీళ్ల కుండ వైపు చూపించింది. మూత పెట్టే ఉంది. తీసి చూశాను. అడుగున తడి తప్ప ఏమీ లేదు.

"గుటకలు ఇనబడినాయి. నా పక్కనే. ఆత్రంగా తాగినట్టు" అంది. మళ్లీ తనే, "నువ్వు దాన్ని బయటికి తోలల్యా. ఇంట్లోకి తోలినావు" అంది.

వెళ్లగొట్టబడినది నీరులేని చోట్ల తిరిగి తిరిగి మళ్లీ ఇంటికే వస్తుందని పిల్లలకు చెప్పింది నేనే. ఆ పాఠం అప్పుడు గుర్తొచ్చింది.

మూడు రోజులు అదే జరిగింది. బిందెల్లో, కుండలో నీళ్లు నిలవలేదు. పాస్టరయ్య వచ్చి ప్రార్థన చేసి వెళ్లాడు. ఆయన వెళ్లాక ఆయనకిచ్చిన గ్లాసులో మిగిలిన సగం నీళ్లు కూడా పోయాయి. సుగుణ బట్టలు సర్దుకుంది.

"బండి కావాల్నా, నేను కావాల్నా చెప్పు. అమ్మేసెయ్."

కోత పండుగకు ఇంకా పది రోజులే ఉన్నాయి. ఎవరికని అమ్మాలి? దానితో పాటు ఈ పీడను కూడా ఇంకో ఇంటికి అంటగట్టాలా? నేరుగా ఓబులేసన్న అంగడికి వెళ్లాను. చెప్పిందంతా ఆయన టైరు మీద కూర్చుని విన్నాడు. నవ్వలేదు.

"ఆ డబ్బాలో డీజిల్ అనుకున్యావా నువ్వు? నీళ్లప్పా అవి. ఇంజను నీళ్లు. మీ నాయన తాళమేసి పెట్టుకుంటాండె. నేను తాగుతానని కూడా భయం."

ఆయన చెప్పిన సంగతి కరువు పట్టిన ఏట జరిగింది. ముదిగుబ్బ దాటాక, మిట్టమధ్యాహ్నం నాయనా ఆయనా టమోటాల లోడుతో పోతుంటే ఇంజను మరిగింది. ఆపి బానెట్ ఎత్తారు. గొర్రెల కాపరి ఒకడు గుట్ట మీద నుంచి దిగి వచ్చి, దోసిలి పట్టి నిలబడ్డాడు. చుట్టుపక్కల బోర్లన్నీ ఎండిపోయి ఉన్నాయి.

"మాట కూడా వస్తాండల్యా ఆయప్పకు. దోసిలి అట్లే పట్టుకోని ఉండాడు. మీ నాయన తాళం తీసి, ఆయప్ప ముందరే నీళ్లన్నీ రేడియేటర్లో పోసినాడు. ఇంజనుకే చాలవప్పా అన్యాడు. మళ్లా తాళమేసినాడు. నేనూ చూస్తా నిలబడినా. నేనేం మాట్లాడల్యా."

"తర్వాత?"

"సాయంత్రం తిరిగొస్తా ఉంటే అదే చోట, కింద పడున్న ఆయప్ప చుట్టూ జనం గుమిగూడినారు. మీ నాయన బండి ఆపల్యా. ఆ దోవలో మళ్లా ఎప్పుడూ పోల్యా."

ఇంటికొచ్చి నాయన చదువుకున్న పరిశుద్ధ గ్రంథం తీశాను. గుర్తుకు పెట్టుకునే రిబ్బను చివర చిన్న తాళంచెవి ఒకటి కట్టి ఉంటుంది. ఏదో పాత పెట్టెది అనుకుని ఆరేళ్లుగా అలాగే వదిలేశాం. అది డబ్బా తాళానికి సరిపోయింది.

రేడియేటరు నుంచి కూలంటు దింపేశాను. నీళ్లతో మూడుసార్లు కడిగి, మంచినీళ్లు పోశాను. డబ్బా కడిగి నింపాను. మరుసటి రోజు ఓబులేసన్నను ఎక్కించుకుని బయల్దేరాను. ఆయన రానన్నాడు, మళ్లీ ఆయనే వచ్చి ఎక్కాడు.

ఆ చోటు ఆయనే చూపించాడు. రోడ్డు పక్కన ఎర్రమట్టి, కంప చెట్లు, దూరంగా బోడిగుట్ట. పన్నెండు దాటింది. గాలి లేదు. డబ్బా దించి ఒక బండరాయి మీద పెట్టి మూత తెరిచాను. తాళాన్ని కంపల్లోకి విసిరేశాను. ఏమని ప్రార్థించాలో తెలియలేదు. "తాగు" అన్నాను, అంతే. ఇద్దరం వెనక్కి వచ్చి బండికి ఆనుకుని నిలబడ్డాం. మాకూ డబ్బాకూ మధ్య పది అడుగులు.

మొదట ఏమీ లేదు. తర్వాత గుటక వినబడింది. ఇంకొకటి. ఆత్రంగా, ఊపిరి తీసుకోకుండా, గొంతు నొప్పి పుట్టేలా తాగుతున్న గుటకలు. డబ్బా నోటి అంచున మెరుస్తున్న నీళ్లు దిగిపోవడం నేను కళ్లారా చూశాను. ఓబులేసన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆయన గోళ్లు దిగిన గుర్తులు రెండు రోజులు ఉన్నాయి.

గుటకలు ఆగాయి. అయిపోయిందనుకున్నాను. నాలో కొంచెం ధైర్యం కూడా వచ్చింది.

అప్పుడు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి వేరు. నెమ్మదిగా, భయంభయంగా, తన వంతు వచ్చేదాకా కాచుకుని ఉన్నవాడు తాగినట్టు. డబ్బా అడుగంటేదాకా తాగాడు. చివర రెండుసార్లు పొడిగా దగ్గాడు.

ఓబులేసన్న నా చెయ్యి వదిలేశాడు. "ఇద్దరప్పా" అన్నాడు. "రెండో మనిషి ఎవరో నాకు చెప్పొద్దు."

ఆ రోజు నుంచి మా ఇంట్లో నీళ్లు తగ్గలేదు. రేడియేటరు నిండుగానే ఉంది. కోత పండుగకు పదకొండు మంది ముసలివాళ్లను మందిరానికి తీసుకొచ్చాను. బండి గురించి సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. గొంతు పూడుకుపోయి కూర్చున్నాను. అచ్చం నాయనలాగే అని పెద్దవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

దురాత్మలకు మనుషుల గొంతులు అనుకరించడం వచ్చని పాస్టరయ్య అన్నాడు. కావచ్చు. అలాగైతే నేను దురాత్మకు నీళ్లు పోశాను. కాకపోతే, దాహమని వచ్చినవాణ్ణి ప్రభువు పేరున నీళ్లులేని చోటికి పొమ్మన్నాను. ఏది నిజమో ఈ రోజుకూ నాకు తెలియదు. నెలకోసారి ఆ రాయి మీద డబ్బా పెట్టి వస్తాను. మళ్లీ ఎప్పుడూ ఆగి వినలేదు, వినే ధైర్యం లేదు.

ఎందుకంటే ఆ రోజు దగ్గు విన్నాక నేను ఇంకా చాలాసేపు నిలబడి ఎదురుచూశాను. "స్తోత్రం" అన్న మాట మాత్రం వినబడలేదు.