పైలట్ బొమ్మకు ముఖం

2022లో నేను జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసేదాన్ని. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన యేసురత్నం గారిని ఆయన భార్య సుగుణమ్మ గారు వత్సవాయి నుంచి ఆటోలో తీసుకొచ్చేవారు. ఆయన వాయుసేనలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఆమె టీచరుగా చేసి రిటైరయ్యారు.

మొదటిరోజే ఆయన జేబులోంచి వేలెడంత లోహపు బొమ్మ తీయించి బల్లమీద పెట్టించారు. హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడ్డ యుద్ధవిమానం పైలట్. ఇలాంటివి తెప్పించుకుని, సన్నని కుంచెతో రంగులు వేసి దాచుకోవడం ఆయనకు ఇష్టం. దీనికి యూనిఫాం, బూట్లు పూర్తయ్యాయి. ముఖం ఉత్త లోహంగానే మిగిలింది.

"ఇది నేనే పూర్తి చెయ్యాలమ్మా. చెయ్యి ఎప్పటికి వస్తదంటారు?"

"ప్రయత్నం చేద్దామండి," అన్నాను.

చిన్న వస్తువును బొటనవేలు, చూపుడువేలుతో పట్టుకోవడాన్ని పించ్ గ్రిప్ అంటాం. దానికోసం శనగలు ఏరించాను, బట్టల క్లిప్పులు తీయించాను. కొన్ని నెలలకు ఆయన చెంచా పట్టుకుని తన అన్నం తాను తిన్నారు. సుగుణమ్మ గారు కళ్లు తుడుచుకున్నారు. ఆయన మాత్రం కుంచె తెప్పించుకున్నారు. అది వేళ్లమధ్య వణికి, రంగు బొమ్మ మెడమీద పడింది.

"డెబ్బై ఒకటి యుద్ధంలో ఈ అబ్బాయికి సీటు బెల్టులు బిగించింది నేనే," అన్నారు. "నిచ్చెన తీస్తుంటే నవ్వాడు. మళ్లీ రాలేదు."

"ఫొటో లేదాండి?"

"లేదమ్మా. నాకు గుర్తున్నదే. జబ్బు చేసినకాడి నుంచి అదీ చెదిరిపోతంది. చెయ్యి వచ్చేలోపు ముఖం పోద్దేమోనని భయం. నిజం చెప్పు, వస్తదా?"

చెప్పాను. బలం నిలుస్తుంది, అంత సన్నని పనికి కావలసిన అదుపు ఇక రాకపోవచ్చని. ఆయన తలూపారు.

"మీరు చెప్తా ఉండండి, నేనేస్తా," అన్నారు సుగుణమ్మ గారు.

ఆయన కళ్లు మూసుకుని కనుబొమలు, గడ్డం, పెదవుల గురించి చెప్పారు. చాలాచోట్ల ఆగిపోయారు. ఆమె ఓపిగ్గా వేశారు. చివరికి ఆయన బొమ్మను ఎడమచేత్తో తీసుకుని చాలాసేపు చూశారు.

"బాగా వేసావు. ఎవరో మంచి అబ్బాయిలా ఉన్నాడు."

ఆ తర్వాత వారు రావడం మానేశారు. కొంతకాలానికి నందిగామ బస్టాండులో సుగుణమ్మ గారు కనిపించారు. ఆయన అన్నం తనే తింటున్నారని చెప్పారు. బొమ్మ సంగతి అడిగాను.

"బీరువాలో పెట్టమన్నారమ్మా. మళ్లీ తియ్యమనలేదు."

ఇప్పుడు చెయ్యి పడిపోయి కొత్తగా వచ్చిన ప్రతి పేషెంటునూ, ఆ చేత్తో ఏం చేయాలనుకుంటున్నారని ముందే అడుగుతాను. అది రాదనిపిస్తే ఆ మాట దాచను, ఆలస్యం చేయను. గుర్తున్నది గుర్తున్నప్పుడే ఇంకొకరికి చెప్పుకునే వ్యవధి వాళ్లకు ఉండాలి.