కాంపోజిట్ లెక్కలు

డెబ్భైల మొదట్లో, మా చెల్లె ఎనిమిదో తరగతిలోకి వచ్చిన జూన్‌లో, వరంగల్‌లోని మా ఇంట్లో ఒకటే మాట నలిగింది: కాంపోజిట్.

ఎనిమిదిలో లెక్కలు రెండు రకాలు. జనరల్ తేలిక, కాంపోజిట్ కష్టం. జనరల్ తీసుకున్న పిల్లకు ముందుముందు కాలేజీలో ఎంపీసీ దొరకదు. ఇంజనీరు అనే మాట అక్కడితో సరి. పదమూడేళ్ల పిల్ల తేల్చుకోవలసిన సంగతి కాదది. కానీ సోమవారం పొద్దున పెద్దవాళ్లను వెంట తెచ్చి ఏదో ఒకటి చెప్పాలన్నారు బడిలో.

ఆడపిల్లలు దాదాపు అందరూ జనరల్‌కే వెళ్లేవారు. నేనూ అంతే. నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. పదో తరగతి పాసై టైపు నేర్చుకుంటున్నాను. చెల్లెకు మాత్రం అడిగే మనిషి దొరికింది. వాళ్ల లెక్కల టీచరు ఏడో తరగతి నుంచే పిల్లల వెంటపడింది. “నువ్వెందుకు కావద్దు ఇంజనీరువి?” అని ఒక్కొక్కరినీ నిలబెట్టి అడిగేదట. జవాబు చెప్పలేని పిల్ల కాంపోజిట్‌లో చేరాలి. మా చెల్లె చెప్పలేకపోయింది.

శుక్రవారం సాయంత్రం అన్నాల దగ్గర బయటపెట్టింది. “బాపూ, నేను కాంపోజిట్ తీస్కుంట.”

బాపు చౌరస్తా వెనక సందులోని ప్రెస్సు నుంచి అప్పుడే వచ్చాడు. చేతిలో ముద్ద కంచంలోనే వదిలేశాడు. “వద్దు. గా మాట మల్ల ఎత్తకు.”

బాపు ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు. అందుకే భయమేసింది. అమ్మ సర్దబోయింది. “జనరలే తీస్కో బిడ్డా. రైల్ల జనరల్ డబ్బా లెక్క, అందరెక్కేదే గదా.”

“అండ్ల నిలవడనీకె జాగ దొరకదమ్మా,” అంది చెల్లె. ఎవరూ నవ్వలేదు.

శనివారమంతా అది సరిగ్గా తినలేదు. నాకు టైపు మిషను మీద వేళ్లు తప్పాయి. ఎందుకు వద్దంటున్నాడు? మడికొండ మేనత్త ఏదైనా సంబంధం మాట తెచ్చిందా? కాంపోజిట్ వాళ్లకు సాయంత్రాలు క్లాసులుంటాయని ఎవరైనా చెప్పారా? బాపును అడిగే ధైర్యం లేక, ఒక భయం మీద ఇంకో భయం పేర్చుకుంటూ పోయాను.

ఆదివారం చర్చి అయిపోగానే టీచరు గొడుగు పట్టుకుని నేరుగా మా ఇంటికి వచ్చింది. చెల్లె కబురు పెట్టినట్టుంది.

“అన్నా, పిల్లకు లెక్కలు మంచిగొస్తయి. ఎందుకు వద్దంటాన్రు?”

బాపు రెండు చేతులూ చాచి చూపించాడు. ప్రెస్సులో ఆయన కంపోజిటర్. సీసం అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి వరుసలు పేర్చడం ఆయన పని. వేళ్ల కొసల నలుపు సబ్బుకు పోయేది కాదు.

“చూడుండ్రి టీచరమ్మా. సీసం పట్టి పట్టి గిట్లయినయి. దగ్గుతోని దవాఖాన చుట్టు తిరుగుతాన్న. నేను కంపోజింగు జేసింది సాలదా? నా బిడ్డ గూడ చెయ్యాల్నా?”

టీచరుకు అర్థం కాలేదు. చెల్లెకు ముందు అర్థమైంది. దాని మొహంలో నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. “కంపోజింగు గాదు బాపూ! కాంపోజిట్!”

“అంకగణితం, బీజగణితం, రేఖాగణితం కల్పి చెప్పేటి లెక్కలన్నా,” అంది టీచరు. “అచ్చులతోని పనే లేదు.”

మనిషి ఏ మాటనైనా తన బతుకులోంచే వింటాడని తర్వాత నేను పత్రికలో పనిచేసిన రోజుల్లో చాలాసార్లు చూశాను. మొదట చూసింది మాత్రం ఆ రోజే. అపార్థం తొలగింది కదా, ఇక ఒప్పుకుంటాడనుకున్నాను. ఒప్పుకోలేదు.

“మరి గిది సదివితె ఏమైతది?”

“ఇంజనీరైతది. కరెంటాఫీసుల పనిజేస్తది.”

“ఆడపిల్ల స్తంభమెక్కుతదా?” తలుపు వెనక నుంచి అమ్మ.

“ఎక్కదమ్మా. ఏ స్తంభం ఎక్కాల్నో ఎక్కేటోల్లకు చెప్తది.”

బాపు నేల చూస్తూ అడిగాడు. “కష్టమంటాన్రు గదా. ఫెయిలైతె? ఉన్న సదువు గూడ పోతది.”

“ఫెయిల్ గాదని నేను చెప్పలేనన్నా. మా ఇంటికి పంపుండ్రి, లెక్కలు నేను చెప్త.”

బాపు లేచి గొడుగు అందించాడు. టీచరు వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, “నడువు,” అన్నాడు చెల్లెతో. ఏం చెప్పబోతున్నాడో మాకు తెలియదు. టైపు ఇన్‌స్టిట్యూట్ అదే దారి కాబట్టి నేనూ వెంట నడిచాను. బడి ఆఫీసు గది కిటికీ దగ్గర నిలబడి బాపు గుమస్తాతో అన్నాడు: “మా బిడ్డకు గా కంపోజింగు లెక్కలు రాయుండ్రి.”

చెల్లె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది గానీ మాట సరిదిద్దలేదు. సరిదిద్దితే ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని. గుమస్తా నవ్వాపుకుని రాసుకున్నాడు.

ఆ సాయంత్రం బాపు చాక్‌పీసు ముక్కతో గచ్చు మీద వర్గమూలం గుర్తు గీశాడు. “గిదేంది బిడ్డా? బడి క్వశ్చన్ పేపర్లల్ల వస్తది. మా దగ్గర దీని అచ్చు లేదు, ఇత్తడి రేకు వంచి పెడుత.”

చెల్లె ఆ గుర్తును చాలాసేపు చూసింది. మొదటి పరీక్షే తప్పినట్టు మెల్లగా అంది. “తెల్వది బాపూ. బడిల ఇంకా చెప్పలే.”

“ఫికర్ జెయ్యకు,” అన్నాడు బాపు. “నేను ఇన్నేండ్ల సంది తెల్వకుంటనే పెడుతాన్న.”