అక్క గ్రాఫులో అమ్మోనియా

మా అక్కది పుట్టు అనుమానం. మరిగించిన పాలను కూడా విరిగాయేమోనని వాసన చూస్తుంది. వాసన రాకపోతే, ఎందుకు రావడం లేదా అని మళ్లీ చూస్తుంది. అలాంటి మనిషికి గాలిని అనుమానించే ఉద్యోగం దొరికింది.

పరిశోధనశాల మేడ మీద ఆమె లేజరు ఉంటుంది. అందులోంచి బయల్దేరే, కంటికి కనపడని వెలుగు ఐసు ఫ్యాక్టరీ మీదుగా వెళ్లి, మా ఇంటి డాబా మీద బిగించిన అద్దానికి తగిలి, వచ్చిన దారినే వెనక్కి పోతుంది. దారిలో అమ్మోనియా ఉంటే ఆ వెలుగును కాస్త మింగేస్తుంది. ఎంత మింగిందో చూసి, గాలిలో అమ్మోనియా ఎంతుందో అక్క చెబుతుంది. ఐసు గడ్డకట్టించడానికి ఫ్యాక్టరీలో వాడేదీ అమ్మోనియానే. అక్కడ వాల్వులు చూసుకునేది మా తమ్ముడు.

ఆ నెలలో రోజూ పొద్దున గ్రాఫులో గీత ఒక్కసారిగా లేచేది. అదీ తమ్ముడు రాత్రి డ్యూటీ దిగాకనే. నిప్పు లేనిదే పొగ రాదు కదా! భోజనాల దగ్గర అక్క వాడి భుజం పట్టుకుని అడిగింది.

"ఏరా, వాల్వు లీకవుతుంటే దాస్తున్నావా?"

"లేదక్కా, నీ మీదొట్టు."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేం?"

"తడుముతున్నది నువ్వే కదక్కా!"

నేను పకపకా నవ్వాను. అక్క నవ్వలేదు. వాడు స్నానానికి వెళ్లగానే విప్పిన చొక్కా వాసన చూసింది.

"అమ్మోనియానే" అంది.

"ఐసు ఫ్యాక్టరీ చొక్కా మల్లెపూల వాసనేస్తుందా?" అన్నాను.

"వాణ్ణి వెనకేసుకు రాకు. ఆ గ్యాసు ఒక్కసారి బయటికొస్తే వీధి వీధంతా పోతుంది."

అదీ నిజమే. అక్క పైవాళ్లకు చెప్పేసింది. తనిఖీవాళ్లు వచ్చి గొట్టాలన్నీ ఖాళీ చేయించి, ఫ్యాక్టరీకి తాళం వేశారు. సంగతి తేలేదాకా రావద్దని తమ్ముణ్ణి ఇంటికి పంపారు. వాడు అక్కను పల్లెత్తు మాట అనలేదు. ఆ మౌనం కూడా అక్కకు అనుమానమే.

అయినా గ్రాఫులో గీత లేవడం ఆగలేదు. ఖాళీ గొట్టాల్లోంచి అమ్మోనియా ఎలా వస్తుంది?

"వీడే ఏదో చేస్తున్నాడే" అంది అక్క. నాకు ఒళ్లు మండింది. కానీ నిజం చెప్పాలంటే అప్పటికి నాకూ ఆ జబ్బు అంటుకుంది. మర్నాడు పొద్దున్నే వాడు డాబా ఎక్కుతుంటే ఇద్దరం చప్పుడు చేయకుండా వెనకే ఎక్కాం.

వాడు ఆ అద్దం తుడుస్తున్నాడు. చేతిలో తడిగుడ్డ, పక్కన కిటికీ అద్దాలు తుడిచే మందు సీసా. ఘాటు మెట్ల దాకా కొట్టింది. అక్క సీసా తిప్పి మీదున్నది చదివింది. అందులో ఉన్నదీ అమ్మోనియానే.

"రోజూ తుడుస్తున్నావా?" అంది అక్క.

"డ్యూటీ ఉన్నప్పుడు ఇంటికి రాగానే, ఇప్పుడు నిద్ర లేవగానే. అద్దం మసకబారితే నీ లెక్క తప్పుతుందని."

"మరి నేనడిగినప్పుడు చెప్పలేదేంరా?"

"నువ్వడిగింది వాల్వు గురించి."

"నీ పని పోయింది నా వల్లే కదా. ఇంకా ఎందుకు తుడుస్తున్నావు?"

"నా పని పోయిందని నీ పని కూడా చెడాలా అక్కా?"

అక్క మెట్టు మీద కూలబడి ఏడ్చింది. వాడు ఓదార్చలేదు. సీసాకు మూత పెట్టి కిందికి వెళ్లిపోయాడు.

ఆ రోజే అక్క వెళ్లి తప్పు తనదేనని ఒప్పుకుంది. ఫ్యాక్టరీ తెరిచారు, వాడు పనిలో చేరాడు. అక్కతో మామూలుగానే మాట్లాడుతున్నాడు. కాకపోతే ఏం చెప్పినా చివర ఒక మాట చేరుస్తున్నాడు.

"కూరగాయలు తెచ్చానక్కా, నిజంగానే."